తలాంతు ఎచ్చట పెట్టవలెను?

ధ్యానభాగము: మత్తయి 25:14-30

ప్రియ యౌవనస్థులారా, విశ్వవిద్యాలయములో పరిశోధన సాగింతుమా, విదేశపు కంపెనీలో పెద్ద జీతమునకు చేరుదుమా అని మీలో కొందరు కలత చెందుచున్నారు. అప్పుచేసి చదివించిన తలిదండ్రులు ఒకవైపు, హృదయములోని పిలుపు ఒకవైపు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలంచుడి. ఆయన అమెరికా వెళ్లి, హార్వర్డులో కండరముల శక్తికి ఆధారమైన పదార్థములను పరిశోధించెను. 1940లో లెడర్లే ఔషధ కంపెనీలో చేరెను. అచ్చటనే ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను, బోదవ్యాధికి మందు కనుగొనెను. ఆ మందు నేటికిని బీదలకు అందుచున్నది. కాబట్టి విశ్వవిద్యాలయము పరిశుద్ధమనియు, కంపెనీ లోకసంబంధమనియు మనము తీర్పు తీర్చరాదు.

ఉపమానములోని యజమానుడు, ఏ బజారులో వ్యాపారము చేసితిరని దాసులను అడుగలేదు. అప్పగించినదానికి లెక్క అడిగెను. భయపడినవాడే తలాంతును మంటిలో దాచెను. లేమికి భయపడి పిలుపును అణచుకొనినను, పేరు కొరకు ఇంటి అప్పును మరచినను, అదియు పాతిపెట్టుటయే.

కనుక కంపెనీవారికి జవాబు వ్రాయకమునుపు మోకరించి ఇట్లు అడుగుడి: ప్రభువా, నా పనివలన ఎవరి బాధ తగ్గును? ఆయన మీకు త్రోవ చూపును గాక. ఆమేన్.