ఆప్తుడెవరు? అపరిచితుని జవాబు – అనంతపురం మెట్టసేద్యం నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

తెలుగు వాడుకలో 'ఆప్తుడు' అంటే దగ్గరివాడు. చుట్టమో, చెలికాడో, కష్టంలో పిలవకుండానే వచ్చే పొరుగువాడో కావచ్చు. న్యాయదర్శనంలో ఈ మాటకు సామీప్యంతో సంబంధం లేదు. గౌతముని న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరించి, ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణమని నిర్వచించాయి. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలియజేయాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడని భాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యునికీ మ్లేచ్ఛునికీ సమానమేనని కూడా అన్నాడు. అంటే శాస్త్రం దృష్టిలో ముఖపరిచయం లేనివాడు ఆప్తుడు కావచ్చు. సొంత మేనమామ కాకపోవచ్చు.

నిత్యజీవితంలోని చిన్నా పెద్దా సందేహాలను ఎన్నడూ చూడని మనుషుల ముందు పెట్టడం నేడు సర్వసాధారణమైంది. ఆకు మీద మచ్చ కనిపిస్తే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. బిడ్డకు జ్వరం వస్తే యూట్యూబులో వెతుకుతారు. అప్పు కాగితంలోని షరతుకు అర్థం ఎవరినో అడుగుతారు. ఇలా వచ్చిన జవాబు ఎప్పుడు ఆప్తవాక్యం అవుతుంది? జవాబు చెప్పినవాడు అడిగినవాడికి ఏ మేరకు బాధ్యుడు? జవాబు తప్పితే ఒక సంవత్సరపు తిండి పోయే చోట ఈ ప్రశ్నలకు బరువు ఎక్కువ. అందుకే ఈ వ్యాసం అనంతపురం మెట్టసేద్యాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నది.

1. విత్తనపు ప్రశ్న

అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఒక పద్ధతిగా పడదు. ఎర్రనేలల్లో వర్షాధారంగా పండే ప్రధాన పంట వేరుశనగ. వాన పడి నేలలో పదును ఉన్న కొద్ది రోజుల్లోనే విత్తనం పడాలి. ఈ వానకు విత్తాలా, మరో వాన కోసం ఆగాలా అన్నది రైతు ప్రతి ఏడూ ఎదుర్కొనే ప్రశ్న. విత్తాక చినుకు రాకపోతే విత్తనమూ పోతుంది, దానికోసం చేసిన అప్పు మాత్రం మిగులుతుంది. ఈ నేల కథకుడు సింగమనేని నారాయణ తన కథాసంపుటికి 'జూదం' అని పేరు పెట్టడం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఇలాంటి ప్రశ్నకు పొరుగురైతు చెప్పే జవాబులో ఒక ప్రత్యేకత ఉంది. "ఈ పదునుకు ఇత్తు" అని చెప్పినవాడు తానూ అదే పదునుకు విత్తుతాడు. తన మాట తప్పితే తన చేనూ ఎండుతుంది. ఫలితంలో అతనికీ పాలు ఉంటుంది. దూరాన ఉన్నవాడికి ఆ పాలు లేదు. అయితే ఈ ఎడం కొత్తగా పుట్టింది కాదు. బోరు వేసే ముందు అరచేతిలో టెంకాయ పెట్టుకొనో, వేపపుల్ల పట్టుకొనో నీళ్లు చూసే మనిషిని పొరుగూరి నుంచి పిలిపించడం సీమలో పాత అలవాటే. నీళ్లు పడినా పడకపోయినా అతని కూలి అతనికి ముడుతుంది. ఎండిన బోరు రైతుకు మిగులుతుంది.

2. ఊరికి తెలియని తెగులు

ఫలితంలో పాలు ఉండటమే ఆప్తతకు చాలునా? చాలదని 2000 ఖరీఫ్ నిరూపించింది. ఆ ఏడు అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కలు కొత్త తెగులుతో కాండం నల్లబడి చచ్చిపోయాయి. దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పొరుగువాడి చేనూ పోయింది గనుక అతని సానుభూతిలో కల్తీ లేదు, కాని అతనికి తెలిసింది లేదు. పొగాకు స్ట్రీక్ వైరస్ దీనికి కారణమని తేల్చినవారు ప్రయోగశాలల్లోని శాస్త్రవేత్తలు. బీళ్లలో, బాటల పక్క పెరిగే వయ్యారిభామ మొక్క ఈ వైరస్‌కు ఆశ్రయం. దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ ఆకుల మీదికి చేరవేస్తాయి. అవి ఆకును గీకిన గాయాల గుండా వైరస్ లోపలికి పోతుంది. తరతరాల సేద్యానుభవానికి అందని ఈ సంగతిని చెప్పినవారు రైతుకు అపరిచితులే. వాత్స్యాయనుని లక్షణం ప్రకారం ఆ సందర్భంలో ఆప్తులు వారే.

పరిచయానికి మరో పరిమితి కూడా ఉంది. చాలా గ్రామాల్లో తెగులుకు మందు చెప్పేది, దాన్ని అమ్మేది, అరువిచ్చేది ఒకే కొట్టు. ఆ యజమాని రైతుకు బాగా తెలిసినవాడే. అయినా అతని సలహాలో అమ్మకం కలిసి ఉంటుంది. తెలిసిన ముఖం యథార్థానికి హామీ కాదు.

3. అడగడంలోని సంకోచం

అపరిచితుని వైపు తిరగడానికి జ్ఞానం ఒక్కటే కారణం కాదు. ఊళ్లో అడిగిన ప్రశ్న ఊళ్లోనే మిగిలిపోతుంది. వడ్డీ లెక్క అడిగితే అప్పు సంగతి బయటపడుతుంది. కాపురంలోని కలత గురించి అడిగితే అది నలుగురి నోట పడుతుంది. తన పేరు ఎరుగనివాడి దగ్గర మనిషి పరువు భయం లేకుండా తన అజ్ఞానాన్ని ఒప్పుకోగలడు. ముఖ్యంగా స్త్రీలకు ఇది చిన్న వెసులుబాటు కాదు.

తెలుగు పత్రికలు ఈ అవసరాన్ని ఏనాడో గుర్తించాయి. మాలతీ చందూర్ మద్రాసులో ఉండి ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. ముఖాముఖి ఎరుగని పాఠకులు ఆమెను ప్రశ్నలు అడిగారు. వారికి ఆమె అపరిచితురాలే అయినా, ఆమె మాటకు ఒక పేరు, ఒక స్థానం ఉండేవి. జవాబు అచ్చులో నిలిచేది. నచ్చనివారు మరునాడే ఉత్తరం రాయగలిగేవారు. 2004 జనవరి 21న మొదలైన కిసాన్ కాల్ సెంటర్లలో జవాబు చెప్పే మనిషిని రైతు చూడలేడు, కాని ఆ మాట వెనుక జవాబుదారీ అయిన సంస్థ ఉంది. ఫోను తెర మీద ఎక్కడినుంచో వచ్చే జవాబుకు చాలాసార్లు ఈ రెండూ ఉండవు. పంట పోయిన తరువాత ఆ సలహా ఇచ్చినవాడిని వెతికి పట్టుకోవడం సాధ్యం కాదు. పరువును కాపాడిన అజ్ఞాతమే బాధ్యతను కూడా చెరిపివేస్తున్నది.

4. ఎదురుప్రశ్న

అయితే కనిపించని మనిషి మాటను తూచే రాయి ఏది? ఎవరు చెప్పినా వినవచ్చుననీ, విన్న వెంటనే తొందరపడక నిజానిజాలు తేల్చుకోవాలనీ సుమతీ శతకం బోధిస్తుంది. ఇక్కడ భారం విన్నవాడి మీద ఉంది. అయితే తేల్చుకోగల శక్తి ఉన్నవాడికి అసలు అడగవలసిన అవసరమే తక్కువ. కాబట్టి చెప్పేవాడి ధర్మాన్ని కూడా విచారించాలి.

శబ్దపరీక్ష సందర్భంలో వాత్స్యాయనుడు ఆప్తుల ప్రామాణ్యానికి మూడు ఆధారాలు చూపాడు: విషయాన్ని సాక్షాత్కరించుకొని ఉండటం, భూతదయ, ఉన్నదాన్ని ఉన్నట్టు తెలియజేయాలన్న ఇచ్ఛ. దూరాన ఉన్నవాడికి శాస్త్రం సాక్షాత్తుగా తెలిసి ఉండవచ్చు, అడిగినవాడి చేను మాత్రం తెలియదు. ఆ కొరతను పూరించగలది ఎదురుప్రశ్న ఒక్కటే. మచ్చపడిన ఆకు ఫోటో చూసి వెంటనే మందు పేరు చెప్పేవాడికీ, "గట్ల మీద వయ్యారిభామ ఉందా? విత్తి ఎన్నాళ్లయింది? పక్క చేలల్లోనూ ఇలాగే ఉందా?" అని అడిగేవాడికీ భేదం ఉంది. మొదటివాడు ఆకును చూశాడు. రెండవవాడు అడిగిన మనిషిని, అతని నేలను తన ఎరుకలోకి తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఎదురుప్రశ్నలో జ్ఞానమూ దయా కలిసి ఉంటాయి. తన హద్దు దగ్గర ఆగి "ఇది నాకు తెలియదు" అనడం కూడా యథార్థకథనమే.

అడిగినవాడికి కూడా ఒక ధర్మం ఉంది. వయ్యారిభామను ఒక రైతు తన గట్ల మీద పీకినంత మాత్రాన తెగులు ఆగదు. బీడు, బాట, పక్క చేను అన్నీ శుభ్రపడాలి. గట్టువార జొన్న గానీ సజ్జ గానీ అడ్డుపంటగా వేయాలన్న సూచన కూడా నలుగురూ పాటిస్తేనే ఎక్కువ మేలు. జవాబు ఒక చెవికి చేరుతుంది, తెగులు మాత్రం ఊరందరిదీ. ఫోనులో విన్నది రచ్చబండ దాకా రాకపోతే నిజమైన జవాబు కూడా నిష్ఫలమవుతుంది. అక్కడికి వచ్చినప్పుడు అది మళ్లీ పరీక్షకు నిలుస్తుంది. ఫలితంలో పాలున్నవారు దాన్ని తమ అనుభవంతో సరిచూస్తారు.

ముగింపు

పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుని యథార్థవక్తగా మాత్రమే నిర్వచించాడు. తర్కానికి ఆ క్లుప్తత చాలు. వాత్స్యాయనుడు చెప్పిన భూతదయ ఆ నిర్వచనంలో కనిపించదు. 'ఆప్తుడు' అనే మాటను దగ్గరివాడి అర్థంలో వాడుతున్న తెలుగు వ్యవహారం శాస్త్రార్థం నుంచి జారిపోయిందని మొదట అనిపించవచ్చు. నిజానికి తర్కం వదిలిన దయను ఈ వాడుక తన పద్ధతిలో నిలుపుకొన్నది. అపరిచితుని జవాబును తూచేటప్పుడు ఈ రెండు అర్థాలూ కలిసే ఉండాలి: అతడు యథార్థం చెప్పాలి, అడిగినవాడి చేను తనదే అయినట్టు ఒక క్షణం ఆగి ఆలోచించాలి. అలా ఆగినవాడు ఎంత దూరాన ఉన్నా, పేరు తెలియకపోయినా, రెండు అర్థాల్లోనూ ఆప్తుడే.