నా ఇంటి గొట్టము, ఊరివారి నీరు



త్రిపురారము చుట్టుపట్ల నివసించు మనకు నీరు లేకపోవుట యనగా నేమో బాగుగా తెలియును గాని, నీరు గడ్డకట్టుట యనగా నేమో తెలియదు. క్రిస్మసు దినముల చలికి మన వృద్ధులు కంబళి కప్పుకొని మంట చుట్టు కూర్చుందురే గాని, తెల్లవారుసరికి కడవలోని నీరు రాయి కాదు. అయితే నేడు తెలుగుబిడ్డలు అనేకులు అమెరికా దేశమందున్నారు. చలికాలమున వారు, ఈ రాత్రి నీటి గొట్టములు కాపాడుకొనవలెనని ఫోనులో చెప్పినప్పుడు మనకు వింతగా నుండును. ఈ చిన్న సంగతిలో మనకును చెందిన యొక పెద్ద ప్రశ్న దాగియున్నది.

చలి సున్న డిగ్రీల సెంటిగ్రేడుకు దిగినప్పుడు నీరు గడ్డకట్ట నారంభించును. గడ్డకట్టిన నీరు ఉబ్బును. 11 కుండల నీరు మంచుగడ్డయైనచో దానికి సుమారు 12 కుండల చోటు కావలెను. గొట్టములో ఒకచోట మంచు అడ్డుపడి, అవతల నల్లా బిగించియున్నచో, నడుమ చిక్కిన నీటికి పోవు దారి లేదు. ఆ ఒత్తిడికి గొట్టము చీలిపోవును. రాత్రి ఆ చీలిక తెలియకపోవచ్చును. మంచు కరిగిన తరువాత ఇల్లంతయు నీటిపాలగును.

ఆ దేశమున మోటారుబండి వెనుక తగిలించి లాగుకొనిపోవు చక్రముల యిండ్లు కలవు. వాటిని ట్రావెల్ ట్రైలరు లందురు. వంటకు, స్నానమునకు, నీటితొట్టికి అందులోనే చోటుండును. కట్టిన యింటికంటె వీటికి చలిభయ మెక్కువ. ఏలయనగా గోడలు పలుచన, అడుగున గాలి వీచును, నీరు తెచ్చు రబ్బరు గొట్టము ఆరుబయట పడియుండును. కాబట్టి బుద్ధిగలవాడు సాయంకాలమే లోపలి తొట్టి నింపుకొని, బయటి గొట్టము విప్పి, అందలి నీరు ఒలికించి చుట్టిపెట్టును. గొట్టములున్న అరల తలుపులు తెరచి, లోపలి వెచ్చని గాలి వాటికి తగులనిచ్చును. చలికాలమంతయు బండి వాడనివాడు అడుగు బిరడాలు విప్పి నీరంతయు తీసివేయును. మరికొందరు ఇంత ప్రయాసపడక, నల్లాను రాత్రియంతయు సన్నని ధారగా విడిచిపెట్టుదురు. పారెడు నీరు త్వరగా గడ్డకట్టదు; గొట్టములోని ఒత్తిడియు తగ్గును. కట్టిన యిండ్లలోనివారును ఈ ఉపాయమునే చేయుదురు. ఇందులో తప్పేమియు లేదు. అపాయమును ముందుగా చూచి జాగ్రత్తపడుట అవిశ్వాసము కాదు, వివేకము.

అయితే 2021 ఫిబ్రవరిలో టెక్సాసు రాష్ట్రమున జరిగినది చూడుడి. అది వేడికి అలవాటుపడిన దేశము. మన తెలుగువారు విస్తారముగా నున్న చోటు. ఆ నెల 16వ తేదీన డల్లాసులో చలి సున్నకు దిగువ 18 డిగ్రీలు దాటెను. లక్షలాది యిండ్లకు విద్యుత్తు లేకపోయెను. ఎన్నో యిండ్లలో గొట్టములు పగిలి నీరు పోయెను. పగులకుండుటకై విడిచిన నల్లాలనుండియు నీరు పోయెను. హ్యూస్టను పట్టణమున నీటి ఒత్తిడి పడిపోయెను; ఆసుపత్రులకు సహితము నీరు చాలలేదు. అప్పుడు పట్టణాధికారులు, గొట్టములను కాపాడుకొనుటకై నల్లాలు విడువవద్దని ప్రజలను వేడుకొనిరి.

ఇప్పుడు ప్రశ్న ఇది. పసిబిడ్డతో చలిలో వణకుచున్న యొక తల్లి నల్లా కట్టివేయవలెనా? కట్టినచో గొట్టము పగులవచ్చును, ఇల్లు పాడగును. విడిచినచో పోవునది సన్నని ధారయే. ఇంత పెద్ద పట్టణమున నా సన్నని ధారవలన ఎవరికి కొరత కలుగునని ఆమె అడిగినయెడల, ఆమెను నిందించుటకు మనకు నోరు రాదు. అయినను ప్రతి యింటిలోను అదే మాట పలికిరి గనుకనే ఆ ధారలన్నియు కూడి నది వలె పోయెను. నిన్న వివేకమైన పని నేడు పొరుగువానికి హాని యాయెను. పని మారలేదు, కాలము మారెను. కాబట్టి ఇది తప్పా ఒప్పా యని అడుగుటతో సరిపోదు. ఈ దినమున నా పొరుగువాని కడవలో నీరున్నదా యనియు అడుగవలెను.

ఆ తల్లికి మరియొక దారి లేకపోలేదు. పాత్రలలో కావలసిన నీరు పట్టుకొని, ఇంటికి నీరు వచ్చు పెద్ద బిరడా కట్టివేసి, గొట్టములలోని నీరు ఒలికించవలెను. ఆ రాత్రికి నల్లాలో నీరుండదు, చేతికి కష్టము. అయితే గొట్టమును నిలుచును, పొరుగువాని నీరును నిలుచును. ఇది తన యింటిని విడిచిపెట్టుట కాదు, కాపాడుకొను ఖర్చు తానే భరించుట. దావీదు దాహముగొని బేత్లెహేము బావి నీటిని కోరినప్పుడు, ముగ్గురు శూరులు ప్రాణమునకు తెగించి తెచ్చిరి. అతడు త్రాగక దానిని దేవునికి పారబోసెను. ఆ నీటిలో అతనికి వారి ప్రాణము కనబడెను. నీటిలో ఇతరుల ప్రాణమును చూచు ఆ కన్ను మనకు కావలెను.

మనకు చలిభయము లేదు గాని కాలువ కలదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచినది మొదలు ఎగువ దిగువల తగవు మన మెరిగినదే. నిండుగా పారు ఏట రాత్రివేళ తూము కొంచెము ఎక్కువ తెరచినను ఎవనికిని కష్టము లేదు. కొరత ఏట అదే తూము, అదే చేయి, చివరి భూమివాని నారుమడిని ఎండబెట్టును. నా ఒక్క తూమేగదా యని మనము చెప్పుకొందుము. టెక్సాసు తల్లికి చలి యను సాకైన నుండెను. మనకున్న సాకేమి?

ఈ రాత్రి తూమునొద్దకు గాని మోటారునొద్దకు గాని వెళ్లువారు ఒక్క క్షణము నిలిచి, దిగువనున్న వాని పేరు తలచుకొనుడి. తరువాత చేయి చాపుడి.