నేనొస్తే ఎవరు వెళ్ళాలి?

దుత్తలూరు దగ్గర మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. ఉద్యోగం మానేసి అది నేనే చేసుకోవాలని రెండేళ్ళుగా అనుకుంటున్నా. బోరుకింత, డ్రిప్పుకింత, మొదటి మూడేళ్ళ నష్టానికింత అని ఎక్సెల్‌లో లెక్క కూడా వేశా. ఇంజనీర్ని కదా, రిస్కుకి ఒక కాలమ్ పెట్టా. అందులో ఉన్న రిస్కంతా నాదే.

మొన్న సంక్రాంతికి వెళ్తే, పన్నెండేళ్ళుగా ఆ చేను కౌలుకి చేస్తున్న మామ (చుట్టరికం కాదు, ఊరి వరస) గట్టు మీద కూర్చుని అడిగాడు. "ఏం అబ్బయా, వచ్చేస్తన్నావంట. మంచిదేలే. ఎండాకాలం దుక్కి దున్నించాల్నా, వద్దా?"

కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఆయనకి తెలియాలి, అంతే. నా షీట్లో ఆయనకి కాలమ్ లేదు.

ఇలా వెనక్కొచ్చేవాళ్ళ కథలు మనకి మహా ఇష్టం. వాటన్నిటికీ పెద్దన్న మసనోబు ఫుకువోకా. 1938లో, పాతికేళ్ళ వయసులో, యోకొహామా కస్టమ్స్‌లో మొక్కల తనిఖీ ఉద్యోగం వదిలేసి తండ్రి నారింజ తోటకి వెళ్ళాడు. కొమ్మలు కత్తిరించకుండా చెట్లని వాటి మానాన వదిలేస్తే అవి చచ్చిపోయాయి. మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. యుద్ధం అయ్యాకే పూర్తిగా పొలానికొచ్చాడు. ఈ మధ్య భాగాన్ని మనం చప్పున దాటేస్తాం. నన్ను ఆపింది మాత్రం అదే. ప్రయోగం కొడుకుది, చచ్చిన చెట్లు తండ్రివి.

మా చేలో ఆ తండ్రి స్థానంలో ఉన్నది మామ. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డుకి 11 నెలలే గడువు, దానికీ భూయజమాని ఒప్పుకోవాలి. మా నాన్న ఎప్పుడూ ఒప్పుకోలేదు. భూమి పోతుందని భయం. కాగితం లేకపోయినా ఏటా గొర్రెల మంద కట్టించి ఆ నేలకి సత్తువ పట్టించింది మామే. రేపు నేను "సహజ సాగు" అని ఫొటో పెట్టేది ఆ సత్తువ మీదే.

అలాగని రాకుండా ఉంటే న్యాయమైపోతుందా? హైదరాబాదులో ఏసీలో కూర్చుని, తుపాను వస్తేగానీ తడవని చేనుకి కౌలు లెక్కపెట్టుకోవడం అంతకంటే మేలేం కాదు. నా భూమి నా ఇష్టం అనే మాట చట్టంలో నిలబడుతుంది, గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నప్పుడు నోరు దాటి రాదు.

పోయిన వారం ఫోన్ చేసి, ఒక్క ఎకరం నేను చేస్తా, మిగతాది నువ్వే చెయ్యి మామా, రాసిస్తా అన్నా.

"ఏ ఎకరం?" అన్నాడు.

నాలుగెకరాలకీ బోరు ఒకటే. అది తూర్పు గట్టున ఉంది.