పిడికెడు పిండి

అబ్బీ, స్వస్థత కూటం నుంచి వచ్చినప్పటి నుంచి షుగర్ మాత్రలు మింగడం లేదంట కదా. మీ అవ్వ చెప్పి కండ్లనీళ్ళు పెట్టుకునింది. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టని అక్కడ ఎవరో అన్నారంట. పోయినేడు బోరులో చుక్క పడనప్పుడు కూడా నీ ప్రార్థనలోనే ఏదో లోపముందని ఇట్లాగే కుమిలిపోతివి. ఆ బరువు నీ నెత్తిన దేవుడు పెట్టలేదు నాయనా.

మన సీమోళ్ళకు ఏలీయా కథ ఎవరూ విడమరిచి చెప్పే పని లేదు. మూడున్నరేండ్లు వాన లేదు. కెరీతు వాగు దేవుడు చూపించిన వాగే, ప్రవక్త తాగిన నీళ్ళే. అయినా మన పెన్న మాదిరే ఎండిపాయె. అప్పుడు దేవుడాయన్ను సారెపతుకు పంపినాడు. అక్కడొక విధవరాలు ఉన్న పిడికెడు పిండి కాల్చుకొని తిని, బిడ్డతో చచ్చిపోదామని పుల్లలు ఏరుకుంటా ఉంది. ఆ పిండి కరువు తీరేదాకా అయిపోలేదు.

యేసుప్రభువు నజరేతులో ఈ సంగతే ఎత్తినాడు. ఆ రోజుల్లో ఇశ్రాయేలులో విధవరాండ్రు ఎందరో ఉన్నా, ఏలీయా పోయింది పరాయి దేశంలోని ఆ ఒక్కామె దగ్గరికేనని గుర్తు చేసినాడు. విన్నోళ్ళు కోపంతో ఆయన్ను కొండ మీంచి తోసేయబోయినారు. వయసులో నాకూ ఈ మాట మింగుడు పడలేదు. ఇప్పుడు ఇదే నా ఊరట. ఆమె ఏ ఉపవాసం ఉండిందని? ఎవరికి, ఎప్పుడు, ఎట్లా అనేది దేవుని చిత్తం. ఆ చిత్తం నిండా కృప ఉంది గనకనే ఏ హక్కూ లేని గడప వెతుక్కుంటా పోయింది. తక్కిన విధవరాండ్రకు విశ్వాసం తక్కువని ప్రభువు ఒక్క మాటా అనలేదు, చూడు.

యోహాను తన సువార్తలో అద్భుతాలను సూచక క్రియలంటాడు, అంటే వాటిని చేసినాయన వైపు చూపించే గురుతులు. ఐదువేల మందికి రొట్టె పంచిన మర్నాడు వెతుక్కుంటా వచ్చినోళ్ళతో ప్రభువు, మీరు వచ్చింది సూచన చూసి కాదు, కడుపు నిండినందుకని మొగం మీదే చెప్పినాడు.

కడుపు కోసం కాకుండా వచ్చినోళ్ళను మన నేల కూడా చూసింది. 1876-78 ధాత కరువు మన కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసింది. అప్పుడు ఒంగోలులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం గుత్తకు తీసుకొని ఆకలిగొన్నోళ్ళకు కూలి ఇప్పించినాడు. బాప్తిస్మం అడిగితే మాత్రం, కూటి కోసం అడుగుతున్నారేమోనని ఆ పని నడిచినన్నాళ్ళు ఇయ్యలేదు. కూలి నిలిచిపోయినాక కూడా జనం వచ్చినారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కరువులో నాకు కనబడే అద్భుతం అదే. రొట్టె అయిపోయినా రొట్టె ఇచ్చినాయన్ను వాళ్ళు వదల్లేదు.

ఇక మాత్రల సంగతి. హిజ్కియా రాజు చావబోతుంటే దేవుడు పదిహేనేండ్ల ఆయుష్షు పెంచినాడు, గురుతుగా ఎండనీడను పది మెట్లు వెనక్కి నడిపించినాడు. అంతటి రోజున కూడా యెషయా ప్రవక్త రాజు పుండు మీద అంజూరపండ్ల ముద్ద కట్టించినాడు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళు ప్రార్థన చేసే చేతులతోనే క్యాంప్‌బెల్ ఆసుపత్రి నడిపినారు.

ఆదివారం గుడి కాగానే ఇంటికి రా. మాత్రల డబ్బా జేబులో పెట్టుకొని రా. నీ తల మీద చెయ్యి పెట్టి నేను ప్రార్థన చేస్తా, మీ అవ్వ నీళ్ళిస్తుంది.