శివారు గడువు

2020 చివర్లో, వర్క్ ఫ్రం హోమ్ పుణ్యమా అని, హైదరాబాద్ నుంచి మా రాయవరం వచ్చేశాను (అప్పటికి తూర్పుగోదావరి జిల్లా, 2022లో కోనసీమలో కలిసింది). పగలు ఆఫీసు. రాత్రిళ్ళు ఒక ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ కోర్సులో విద్యార్థుల చర్చలు చూసి మార్కులు వేసేవాణ్ణి. జీతం లేదు, సరదా. వారానికో ప్రశ్న. ఆదివారం రాత్రి 11:59 లోపు తన అభిప్రాయం రాయాలి, ఇంకో ఇద్దరికి జవాబివ్వాలి. నిమిషం దాటితే సున్నా. ఆ రూలు పెట్టింది నేనే.

ఒకమ్మాయి ప్రతివారం సోమవారం పొద్దున్న రాసేది. నేను ప్రతివారం సున్నా వేసేవాణ్ణి. గడువు పెంచమని ఆమె అడగలేదు. నాలుగో వారం నేనే కారణం అడిగాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నదట. ఆయన వారమంతా లారీ మీద ఉండి ఆదివారం అర్ధరాత్రికి ఇల్లు చేరతారట. "రూలు అందరికీ ఒకటే కదా" అని రాశాను. న్యాయంగా ఉన్నాననే అనుకున్నాను.

దాళ్వా రోజులు. భోజనాల దగ్గర ఈ మాట చెప్తే మా నాన్న నవ్వారు. "కాలవ కట్టేసే తేదీ అందరికీ ఒకటేరా. నీళ్ళొచ్చే తేదీ ఒకటి కాదుగా."

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలవనీళ్ళ మీద బతికే డెల్టా ఇది. అయినా నీళ్ళు ముందు తల దగ్గరి చేలకి, చివరికి శివారుకి. నీళ్ళు తగ్గితే వంతులు పెడతారు. వంతు అందని శివారు రైతు మురుగుకోడుకి ఆయిల్ ఇంజన్ పెట్టుకుంటాడు, డీజిలు ఖర్చు తనదే. నేను కొలిచింది కాలవ కట్టేసే తేదీనే.

అలాగని గడువు తీసేయలేం. కాలవ కట్టకపోతే పూడిక తీసేదెప్పుడు? పైగా అసైన్‌మెంట్ ఆలస్యమైతే నష్టం రాసినవాడికే. చర్చ అలా కాదు, అవతల ఒకరు జవాబు కోసం చూస్తుంటారు. ఆలస్యం అంటే వాళ్ళకిచ్చిన మాట తప్పడం. నా రూలుని నేను ఇలాగే సమర్థించుకున్నాను.

కోర్సు అయ్యాక పాత చర్చలన్నీ తీసి చదివాను. సగానికిపైగా ఆదివారం రాత్రి పదకొండు తర్వాత వచ్చినవే. "మీ పాయింట్ బాగుంది" అని రెండు జవాబులు, మార్కులు పూర్తి. ఎవరూ ఎవర్నీ చదవలేదు. టైముకే వచ్చారు, కానీ ఎదుటివాడికి ఇవ్వాల్సింది ఇవ్వలేదు. అంటే ఆ గడువు చర్చని కాపాడలేదు. మార్కులేసే నా సౌకర్యాన్ని కాపాడింది.

మన ఎన్‌పీటెల్ కోర్సుల్లో ఒక మంచి పద్ధతి ఉంది. పన్నెండు వారాల కోర్సయితే సాధారణంగా బాగా చేసిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకొస్తాయి. నాలుగు వారాలు ఏమైందని ఎవరూ అడగరు. అడిగితే ఇచ్చే గడువు, మెయిలు రాయడం వచ్చినవాడికి దక్కుతుంది. ఇంటి సంగతి బయటపెట్టడం ఇష్టంలేనివాళ్ళు సున్నాతో సరిపెట్టుకుంటారు. కాబట్టి మినహాయింపు రూల్లోనే ఉండాలి, దయలో కాదు.

ఇప్పుడు మళ్ళీ ఆ పని ఒప్పుకుంటే, అభిప్రాయానికి బుధవారం, జవాబులకి ఆ పై బుధవారం అంటాను. అభిప్రాయం ఆలస్యమైతే మూడు వారాలు కారణం అడక్కుండా వదిలేస్తాను. దీనికీ ఖర్చుంది. ప్రతి చర్చా వారం ఎక్కువ తెరిచి ఉంటుంది, దాన్ని చూసేవాడి పని పెరుగుతుంది. ఆ డీజిలు నేను పోసుకోవాలి. ఆ అమ్మాయికి మాత్రం ప్రతివారం మాఫీ చాలదు, ఆమెకి వేరే రోజే కావాలి. ఆ రోజు ఏదో నేను ఆమెని అడగలేదు.

ఆమె నాలుగో వారం రాసింది ఆ తర్వాతే పూర్తిగా చదివాను. ముగ్గురి వాదనలూ చదివి, ఒకరి కోడ్‌లో తప్పు పట్టుకుని, "ఇక్కడ లిస్ట్ ఖాళీగా వస్తే ఏమవుతుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. కింద జవాబు లేదు. సోమవారం పొద్దున్న ఆమెకి సున్నా వేసి, ఆ చర్చని మూసేసింది నేనే.