కారుచున్న కప్పు, చెప్పవలసిన మాట



ఎదుటివాడు అడుగని సంగతిని మనమే చెప్పవలసిన బాధ్యత కలదా? ఈ నెల ఈ ఒక్క ప్రశ్ననే మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను. ఇది పూర్వము పండితులు తర్కించిన ప్రశ్నయే. అయినను పశువుల సంతలోను, ధాన్యపు కొట్లలోను, ఇటీవల పాత కార్ల బేరములలోను మన గ్రామస్థులకు తరచుగా ఎదురగుచున్న ప్రశ్న కూడ ఇదియే.

సంగతి ఇట్లున్నది. ఒక సహోదరునియొద్ద 12 ఏండ్ల నాటి కారు ఒకటి కలదు. దాని కప్పులో తెరచి మూయుటకు వీలైన అద్దము అమర్చబడియున్నది. దానిని సన్‌రూఫ్ అందురు. వానాకాలములో లోపలి కప్పు గుడ్డ తడిసి, ముందరి సీటులో కూర్చున్నవారి కాళ్లయొద్ద నీరు నిలుచుచున్నది. ఆయన దానిని అమ్మదలచెను. కొనవచ్చినవాడు ప్రక్క గ్రామపు యువకుడు. బాడుగకు త్రిప్పుకొని కుటుంబమును పోషించుకొనవలెనని అప్పుచేసి సొమ్ము కూర్చుకొన్నవాడు. బేరము ఎండాకాలములో జరుగుచున్నది. అప్పుడు ఆ సహోదరుడు నన్నిట్లు అడిగెను: “అయ్యగారూ, ఆ అబ్బాయి బండి నడిపి చూసుకున్నాడు. కప్పు సంగతి అడగలేదు. నేనేమీ అబద్ధమాడడం లేదు గదండీ. అంచుల చుట్టూ కాస్త సిలికాను పూయించి ఇచ్చేస్తే తప్పా?”

జవాబు చెప్పుటకు ముందు ఆ కారు ఏల కారుచున్నదో తెలిసికొనుట మంచిది. ఏలయనగా వ్యాధి తెలియనిదే, ఆయన చేయదలచినది వైద్యమో కాదో మనకు తెలియదు.

కప్పులో ఇట్టి తలుపు గల కార్లు నిన్న మొన్నటివి కావు. అమెరికా దేశములో నాష్ అను కంపెనీ 1937లోనే వీటిని అమ్మినది. మన దేశములో ఇవి ఇటీవలి సంవత్సరములలో విస్తారముగా వచ్చినవి; పాతబడినవి చేతులు మారి గ్రామములకును చేరుచున్నవి. అద్దము చుట్టునున్న రబ్బరు పట్టీయే వాన నీటిని పూర్తిగా ఆపునని అనేకులు తలంచుదురు. అది సరికాదు. రబ్బరు చాలవరకు ఆపును గాని, కొంత నీరు దిగునని దానిని చేసినవారికి ముందే తెలియును. అందుచేత అద్దము క్రింద చుట్టును ఒక చిన్న కాలువ అమర్చి, సాధారణముగా దాని నాలుగు మూలలయందు రంధ్రములు పెట్టి, ఒక్కొక్క రంధ్రమునకు సన్నని గొట్టము తగిలించిరి. ఆ గొట్టములు కప్పును మోయు స్తంభముల లోపలనుండి దిగి, నీటిని కారు క్రింద నేలమీదికి విడిచిపెట్టును.

మన ఊళ్లలో కారు నిలుపునది చెట్టు క్రిందనే గదా. చింతాకు, వేపపూత, రోడ్డు దుమ్ము ఆ కాలువలో చేరి, మొదటి వానకు బురదయై గొట్టముల మూతిని మూసివేయును. అప్పుడు కాలువ నిండి పొర్లి, నీరు కప్పు గుడ్డలోనికి ఇంకును. స్తంభముల వెంబడి దిగి కాళ్ల క్రింది తివాచీలో నిలుచును. ఇట్టి కార్లు కారుటకు తరచుగా కనబడు కారణమిదియే.

బాగుచేయు విధము వినుడి. అద్దము తెరచి, కాలువలోని చెత్తను తడిగుడ్డతో తీసి, ఒక్కొక్క మూలయందు కొంచెము కొంచెముగా నీళ్లు పోసి, అవి కారు క్రింద పడుచున్నవో లేదో చూడవలెను. పడనియెడల ఆ గొట్టము మూసికొన్నదన్నమాట. మెత్తగా వంగు సన్నని నైలాను తీగను మెల్లగా పంపి అడ్డును తీయవలెను. ఇనుప కమ్మీతో పొడిచినను, గాలి యంత్రముతో బలముగా ఊదినను, పాతబడిన గొట్టము చినుగవచ్చును, లేక అతుకునొద్ద ఊడిపోవచ్చును. ఊడినయెడల లోపలి కప్పును దింపి మరల తగిలింపవలెను. అది తెలిసిన మెకానిక్ పని, ఖర్చుతో కూడినది. కొన్ని కార్లలో ప్రమాద సమయమున విచ్చుకొను ఎయిర్‌బ్యాగులు కప్పు అంచు వెంబడి మడిచి యుండును గనుక, అక్కడ తెలియనివారు చేయి పెట్టకూడదు. తడిసిన తివాచీని ఎత్తి ఎండబెట్టవలెను. లేనియెడల క్రింది రేకు త్రుప్పు పట్టును, బూజు వాసన పుట్టును, వైర్ల అతుకులు చెడిపోవును. వైర్లు చెడిన బండి ఒక రాత్రి వానలో, పురిటి నొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా, త్రోవలో నిలిచిపోవచ్చును. ఆ యువకుని బాడుగ బండిలో ఎక్కువారు ఎవరో మనకు తెలియదు.

ఇక సిలికాను పూత సంగతి. అంచుల చుట్టు పూసినయెడల అద్దము తెరచుకొనదు. మూసికొన్న గొట్టము మూసికొనియే యుండును. ఎండకు పూత అంచులు విడిచినప్పుడు నీరు మరల తన దారి వెదకుకొనును. అది తడిని కొన్నాళ్లు కనబడకుండ చేయును. కొన్నాళ్లనగా, బేరము ముగిసి సొమ్ము చేతబడు వరకు.

1872లో చేయబడిన మన దేశపు కాంట్రాక్టు చట్టము ఈ విషయమును విడిచిపెట్టలేదు. దాని 17వ సెక్షను ప్రకారము, ఊరక మౌనముగా నుండుట సాధారణముగా మోసము కాదు. అక్కడ ఒక గుర్రపు కథ ఉదాహరణగా చెప్పబడినది. ఒకడు గుర్రమును వేలములో అమ్మెను; దానికి రోగమున్నదని ఎరిగియు పలుకలేదు. చట్టము దానిని మోసమనదు. కొన్నది అతని కన్నకూతురే, అప్పుడే యుక్తవయస్సు వచ్చినదైతే, ఆ బంధమునుబట్టి అతడు చెప్పవలసినవాడే యని చట్టము చెప్పును. మరియు మోసగించు తలంపుతో తెలిసిన సంగతిని పనిగట్టుకొని కప్పిపుచ్చుట మోసమని అదే సెక్షను చెప్పుచున్నది. కావున సిలికాను పూయించి అమ్ముట చట్టము దృష్టిలో సహితము వట్టి మౌనము కాదు.

మరి పూత పూయక, ఊరకుండి అమ్మినయెడల? ఇక్కడనే చిక్కున్నది. క్రీస్తు పూర్వము 44లో రోమా దేశస్థుడైన సిసెరో కర్తవ్యములనుగూర్చి తన కుమారునికి వ్రాసిన గ్రంథములో ఇట్టి బేరమునే విచారించెను. ఒకడు తన ఇల్లు అమ్ముచున్నాడు. ఆ ఇల్లు రోగకారణమైనదనియు, పడక గదులలో పాములు వచ్చుననియు, కలప చెడినదనియు అతనికి తప్ప ఇతరులకు తెలియదు. చెప్పవలెనా? డయోజెనీసు అను తత్వజ్ఞాని, కొనుమని అతడు బలవంతము చేయలేదు గదా, చూచుకొనుట కొనువాని పనియేనని వాదించెను. అతని శిష్యుడైన అంటిపాతెరు ఒప్పుకొనలేదు. దారి తప్పినవానికి దారి చూపకపోవుటయే దోషమైతే, తెలిసి తెలిసి ఒకనిని నష్టములోనికి నడిపించుట అంతకంటె పెద్ద దోషమని అతడు చెప్పెను. సిసెరో శిష్యుని పక్షమునే వహించెను. అయితే ప్రతి మౌనమును దాచుట కాదనియు, తెలిసికొనుట ఎవనికి మేలో వానికి తెలియకుండ తన లాభము కొరకు ఉంచుటయే దాచుట అనియు ఆయన ఒక హద్దు గీసెను.

ఆ హద్దు మనకును అక్కరకు వచ్చును. తలుపు మీది గీత కొనువాని కంటికి కనబడును; దానిని చాటింపనక్కరలేదు. మనకే నిశ్చయముగా తెలియని అనుమానములన్నియు వల్లింపనక్కరలేదు. కాని ఎండలో నిలిపిన కారు కప్పునుచూచి అది వానలో ఏమి చేయునో ఎవడు చెప్పగలడు? అమ్మువాడు మూడు వానాకాలములు చూచెను, కొనువాడు ఒక్కటియు చూడలేదు. ఒకనికి తెలిసి, మరియొకనికి తెలియుటకు వీలులేక, తెలిసినయెడల ఆ ధరకు కొననిదై యుండు సంగతి చెప్పి తీరవలసినదే. క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో మీరు చదివియున్నారు. ఆ కప్పునుండి పడబోవువాడు ఇంకను పడలేదు. గోడ కట్టుమని అడుగనులేదు. అయినను భారము ఇంటివాని మీదనే పెట్టబడినది.

“నాకు అమ్మినవాడు నాకు చెప్పలేదు గదా” అని కొందరందురు. నిజమే, వారికి అన్యాయమే జరిగినది. అయితే ఆ నష్టమును తెచ్చినవానికి తిరిగి ఇచ్చుట లేదు. ఏ పాపమెరుగని మూడవవాని చేతిలో పెట్టుచున్నారు. “చెప్పితే ధర తగ్గును” అని మరికొందరందురు. తగ్గవచ్చును. గొట్టము మూసికొనుట మాత్రమే అయితే ఒక పూట పనితో బాగగును. ఊడినదైతే, బాగుచేయుటకగు ఖర్చును మెకానిక్కును అడిగి ధరలో తగ్గింపవలెను. ఆ తగ్గిన సొమ్ము కారు విలువలో మొదటినుండి లేనిదే. దానిని తీసికొనియుండిన, యువకుని అప్పులోనుండి తీసికొన్నవారమగుదుము.

కావున నేను ఆ సహోదరునికి చెప్పినది ఇదియే: ముందు గొట్టములు శుభ్రము చేయించుడి. తరువాత ఆ అబ్బాయిని పిలిచి, అతని యెదుటనే అద్దము తెరచి, ఒక చెంబెడు నీళ్లు నాలుగు మూలలను మెల్లగా పోయుడి. నీరు ఎక్కడ పడునో అతడే వంగి చూచుకొనును. పూర్వము తడిసిన చోటును చూపి, ప్రతి వానాకాలమునకు ముందు ఆ కాలువను తుడుచుకొనవలెనని నేర్పుడి. అటుపిమ్మట ధర మాటలాడుకొనుడి.

ప్రియులారా, మనలో అనేకులకు కారు లేదు. అయితే పాలు పిదుకునప్పుడు తన్ను గేదె యుండవచ్చును. వేసవిలో ఎండిపోవు బావి గల పొలముండవచ్చును. అడుగున తడిసిన ధాన్యపు బస్తా యుండవచ్చును. చట్టము కన్నకూతురి వరకు వచ్చి ఆగినది. కొనవచ్చినవాడు మనకు ఏమగునని ఆలోచించి, మీ మీ ఇండ్లలో ఈ సంగతి మాటలాడుకొనుడి.