దూరమునకు కొలత యేది?

గన్నవరము విమానాశ్రయమునుండి రాజమహేంద్రవరము చెంతనున్న మధురపూడి విమానాశ్రయమునకు సూటిగా గీత గీచి కొలిచినచో ఇంచుమించు 125 కిలోమీటర్లు. ఏలూరు మీదుగా నల్లజర్ల, దేవరపల్లి దాటి, కొవ్వూరువద్ద గోదావరి వంతెన నెక్కి కారులో పోవువానికి సుమారు 150. ఊళ్లు కదలలేదు, నేల సాగలేదు. మరి ఈ రెంటిలో ఏది దూరము? పసిబాలుని ప్రశ్నవలె తోచు దీనిని మన తార్కికులు తేలికగా నెంచలేదు.

వైశేషిక మతమున పరత్వాపరత్వములు 24 గుణములలోనివి. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు బాలుర సుఖబోధకై రచించిన తర్కసంగ్రహమునందు వానిని దిక్కృతములనియు, కాలకృతములనియు విభజించెను: దవ్వుననున్న వస్తువునందు మొదటి పరత్వము, వయసున పెద్దవానియందు రెండవది. రెండు చోట్ల నడుమ మూర్తద్రవ్యముల (పరిమిత పరిమాణము గలవాని) సంయోగములు అధికముగా నున్నవని యెంచిచూచు అపేక్షాబుద్ధి దూరమునకు నిమిత్తము. ఆ బుద్ధి నశించిన దూరమును నశించును. ఇచ్చట నొక సూక్ష్మము కలదు. విమానము ఆకాశమార్గమున పోవునని లోకము పలుకును గాని, విభువైన ఆకాశము మూర్తము కాదు. రెక్కలను మోయునది వాయువు, అది మూర్తమే. కావున ఎగిరిపోయినవాడు సంయోగములను తప్పించుకొనలేదు. సూటిదారిన, తక్కువ సంయోగములతో, వానిలో నొక్కదానినైన నెరుగక గడచిపోయెను.

అట్లైన 125 దూరము, 150 ప్రయాణము. దూరము గుణము, ప్రయాణము కర్మ. వైశేషికులు వీనిని వేర్వేరు పదార్థములుగా నుంచుటలోని ఔచిత్యము నాకు ఇచ్చట స్ఫురించినంతగా మరెచ్చటను స్ఫురింపలేదు. ఆత్మతత్త్వము దవ్వునను దాపునను గూడ నున్నదని ఈశావాస్యోపనిషత్తు చెప్పుట నిజమే. సర్వవ్యాపికి చెల్లిన ఆ మాట కొవ్వూరు పోవలసిన దేహికి చెల్లదు. వేదాంతులును టిక్కెట్టు కొనియే రైలెక్కుదురు గదా!

వాహనముపై తీర్థయాత్ర చేయువానికి ఫలము తగ్గునన్న ధర్మశాస్త్రకారుల మాటను ఛాందసమని నవ్వుట సులభము. కాని ఫలము కర్మకే గాని గుణమునకు లేదు. మధురపూడి గోదావరికి తూర్పువైపున నున్నది. ఎగిరివచ్చినవాడు నదిని కునుకుపాటుననే దాటి, తరువాత ఊరిలోనికి వచ్చి, దాటిన నదిలోనే స్నానమునకు దిగును. నేలబాటన వచ్చినవానికి కొవ్వూరులోని గోష్పాద క్షేత్రము, వంతెన, క్రింది ప్రవాహము, కిటికీలోనుండి విసరిన చిల్లరనాణెము, ఇవన్నియు యాత్రలోని భాగములే. కారును వాహనమే గదా యందురేమో. నిజమే, కొంత ఫలము దానివలనను తరుగును, కాని నది కన్నులబడక పోదు.

రోగశయ్యపైనున్న బంధువును చూడబోవువాడు విమానముననే పోవలెను; అతనికి ఏ శాస్త్రమును అడ్డురాదు. 2027 గోదావరి పుష్కరములకు పోదలచిన పాఠకులు మాత్రము, శరీరము సహకరించినచో, ఆ 25 కిలోమీటర్ల హెచ్చును భరించి నేలబాటనే పోవుదురు గాక.